స్టార్‌ కూడా కూలీయే!

కప్పు గెలిచిన రోజు దేవుడు. ఆగిన జీతం అడిగిన రోజు దురాశపరుడు. అప్పుల్లో కూరుకుపోయిన జట్టును ఒడ్డున పడేయాల్సిన బాధ్యత ఆటగాడిదేనా? హైదరాబాద్‌ పేరు పెట్టుకుని గెలిచి, కనుమరుగైపోయిన రెండు ఛాంపియన్‌ జట్ల కథ ఇది. బస్తర్‌లోని తునికాకు కల్లానికీ ఉప్పల్‌ స్టేడియానికీ ఉన్న చుట్టరికం కూడా ఇందులోనే ఉంది.

కోట్లు తీసుకునే ఆటగాడికి నాలుగు నెలలుగా జీతం పడలేదని పేపర్లో చదివితే మనకి పెద్దగా జాలి కలగదు. ‘వాడికేం తక్కువ? కారుంది, విల్లా ఉంది, యాడ్స్‌ ఉన్నాయి’ అనుకుని పేజీ తిప్పేస్తాం. జట్టు దివాలా అంచున ఉందని తెలిస్తే ఇంకో మాట కూడా అంటాం: ‘ఇలాంటప్పుడు కూడా పైసలేనా? పెట్టిన చేతినే కరుస్తాడా?’

ఈ వాదన మన ఇళ్లలో, టీ కొట్ల దగ్గర, అభిమానుల వాట్సాప్‌ గ్రూపుల్లో రెండుసార్లు బాగా నలిగింది. మొదటిసారి 2012లో, క్రికెట్‌ విషయంలో. రెండోసారి 2023లో, ఫుట్‌బాల్‌ విషయంలో. మొదటిది డెక్కన్‌ ఛార్జర్స్‌, రెండోది హైదరాబాద్‌ ఎఫ్‌సీ. రెండూ మొదటి సీజన్‌లో ఆఖరి స్థానంలో నిలిచి, తర్వాత ఛాంపియన్లు అయిన జట్లే. జీతాలు ఇవ్వలేని స్థితికి రెండూ చేరాయి. ఆ పేర్లతో ఇప్పుడు రెండూ లేవు.

ఉప్పల్‌లో ఏం జరిగింది?

2008 జనవరిలో ఐపీఎల్‌ జట్లను వేలం వేసినప్పుడు హైదరాబాద్‌ను దక్కించుకున్నది ‘డెక్కన్‌ క్రానికల్‌’ పత్రిక యాజమాన్యం. ధర 10.7 కోట్ల డాలర్లు. తొలి ఏడాది ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. మరుసటి ఏడాది ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది. అక్కడ గిల్‌క్రిస్ట్‌ సారథ్యంలో జట్టు రాతే మారిపోయింది. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌ ఫైనల్లో బెంగళూరుపై 6 పరుగుల తేడాతో కప్పు మనదైంది.

మూడేళ్లు తిరిగేసరికి కథ తలకిందులైంది. ఆ పతనానికి మైదానంలోని ఓటములు కారణం కాదు. యాజమాన్య సంస్థ బ్యాంకులకు కట్టాల్సిన అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 2012లో సంగక్కర కెప్టెన్‌గా, డేల్‌ స్టెయిన్‌ ప్రధాన బౌలర్‌గా ఆడిన జట్టులో ఆటగాళ్లకు చెల్లింపులు ఆగిపోయాయి. అంతర్జాతీయ క్రికెటర్ల సంఘాల సమాఖ్య ‘ఫికా’ గొంతెత్తింది. ఆగస్టులో భారత క్రికెట్‌ బోర్డు నోటీసు ఇచ్చింది. యాజమాన్యం జట్టును అమ్మకానికి పెడితే ఒకే ఒక్క బిడ్‌ వచ్చింది. పీవీపీ వెంచర్స్‌ ఇస్తామన్న 900 కోట్ల రూపాయలు వాయిదాల పద్ధతిలో కావడంతో బేరం కుదరలేదు. సెప్టెంబర్‌ 14న బోర్డు ఫ్రాంచైజీని రద్దు చేసింది. బొంబాయి హైకోర్టులో వాదనలు నడిచాయి, 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ గడువులోగా సమర్పించలేకపోయారు. అక్టోబర్‌ 25న ఏడాదికి 85.05 కోట్లు కట్టేలా సన్‌ టీవీ హైదరాబాద్‌ను తీసుకుంది. అలా సన్‌రైజర్స్‌ పుట్టింది.

తర్వాత కోర్టు కథ మరో తొమ్మిదేళ్లు సాగింది. రద్దు అక్రమమంటూ 2020లో మధ్యవర్తి బోర్డుకు 4,800 కోట్లకు పైగా వడ్డించారు. 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మాతృసంస్థ 2017లోనే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. వేల కోట్ల అంకెలు ఇటూ అటూ తిరుగుతున్న ఈ వ్యాజ్యం మధ్యలో, రంజీ స్థాయిలో ఆడుతూ ఆ ఏడాది పది, ఇరవై లక్షలకు సంతకం చేసిన కుర్రాళ్ల గురించి ఎవరికి పట్టింది?

లక్ష్మణ్‌ వదులుకున్నది

‘స్టార్‌ అయినవాడు త్యాగం చేయాలి కదా’ అనేవాళ్లకు ఇదే జట్టు నుంచి ఒక చక్కటి ఉదాహరణ ఉంది. తొలి వేలానికి ముందు ఐపీఎల్‌ కొందరిని ‘ఐకాన్‌ ఆటగాళ్లు’గా ప్రకటించింది. అప్పట్లో ఐకాన్‌ అంటే సొంత ఊరి జట్టుకే ఆడేవాడు, ఆ జట్టులో అత్యధిక ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ తీసుకునేవాడు. సచిన్‌, ద్రవిడ్‌, గంగూలీ, సెహ్వాగ్‌, యువరాజ్‌ ఆ హోదాలో ఉన్నారు. హైదరాబాద్‌ నుంచి వీవీఎస్‌ లక్ష్మణ్‌ ఆ జాబితాలో ఉండాల్సినవాడే. వద్దన్నాడు. వేలానికి ఒక్కో జట్టు చేతిలో ఉన్నదే 50 లక్షల డాలర్లు. అందులో పెద్ద భాగం తనకే పోతే మంచి ఆటగాళ్లను కొనడానికి ఏం మిగులుతుందన్నది ఆయన ఆలోచన. ఆ వేలంలో హైదరాబాద్‌ ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొంది. లక్ష్మణ్‌ తీసుకున్నది 3.75 లక్షలు. ఐకాన్‌ లెక్క వేస్తే సైమండ్స్‌ కంటే ఎక్కువే రావాలి!

ఎంత వదులుకుంటున్నాడో తెలిసి, ఆట మొదలవకముందే, తన నోటితో తాను వద్దన్నాడు. అందుకే అది త్యాగం. ఆడించుకుని, టిక్కెట్లు అమ్ముకుని, టీవీ హక్కుల డబ్బు జేబులో వేసుకుని, ఆఖర్న ‘మా పరిస్థితి బాగాలేదు’ అని చేతులెత్తేస్తే దాన్ని త్యాగం అనరు, ఎగవేత అంటారు. మన దగ్గర ఈ రెండూ కలిసిపోవడానికి సినిమా అలవాటు కొంత కారణం. సినిమా పోతే హీరో పారితోషికంలో కొంత వెనక్కిచ్చాడని వింటాం, పెద్ద మనసని మెచ్చుకుంటాం. మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఒకరి మంచితనం పదిమందికి కొలబద్దగా మారితే, వెనక్కివ్వని ప్రతివాడూ చెడ్డవాడిగా కనిపించడం మొదలవుతుంది.

పైగా లాభాల రోజున జరిగేదేమిటి? 2009లో కప్పు గెలిచినందుకు జట్టు విలువ పెరిగితే ఆ పెరుగుదలలో ఆటగాడికి వాటా రాదు. అతనికి ఒప్పందంలోని అంకె, బహుమతి సొమ్ములో భాగం, అంతే. లాభంలో భాగస్వామి కానివాణ్ని నష్టంలో మాత్రం భాగస్వామివి అనడం ఏ వ్యాపార ధర్మం?

ఆఖరి వాయిదాయే ఎందుకు ఆగుతుంది?

ఐపీఎల్‌లో చెల్లింపులకు ఎక్కువ జట్లు పాటిస్తూ వచ్చిన పద్ధతి ఒకటుంది: టోర్నీకి ముందు 15 శాతం, జరుగుతుండగా 65, అయిపోయాక 20. చివరి వాటా చేతికొచ్చే నాటికి ఆటగాడు వేరే దేశంలో వేరే జట్టుకు ఆడుతుంటాడు. మ్యాచ్‌లు టీవీలో వచ్చేశాయి, ప్రకటనల డబ్బు చేరిపోయింది. ఇక అతనితో అవసరం తీరిపోయింది. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య!

కోచి టస్కర్స్‌ కేరళ దీనికి నిలువెత్తు సాక్ష్యం. 2011లో ఒక్క సీజన్‌ ఆడి రద్దయిన జట్టది. పదేళ్ల తర్వాత, 2021లో, ఆ జట్టుకు ఆడిన ఆస్ట్రేలియన్‌ బ్రాడ్‌ హాడ్జ్‌ ట్విటర్లో బోర్డును బహిరంగంగా అడిగాడు: మాకు రావాల్సిన సొమ్ములో 35 శాతం ఇంకా అందలేదు, ఎక్కడుందో చూస్తారా అని. జయవర్ధనే, మురళీధరన్‌, మెకల్లమ్‌, జడేజా ఉన్న జట్టుకే ఆ గతి పట్టింది. హాడ్జ్‌ అడిగితే వార్త అయింది. అదే జట్టులో ఉన్న పేరు తెలియని దేశవాళీ కుర్రాడు అడిగి ఉంటే ఎవరైనా పట్టించుకునేవాళ్లా?

ఇక్కడే బస్తర్‌లోని భేజ్జి గుర్తుకు రావాలి.

భేజ్జి లెక్క: ఆకుకు 11 పైసలు

శబరి ఒడ్డున చింతూరు దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని కొంటా. అక్కడి నుంచి పైకి, ఇంజరం మీదుగా లోపలికి పోతే సుక్మా జిల్లా భేజ్జి. 2017 మార్చి 11న 12 మంది సీఆర్‌పీఎఫ్‌ జవాన్లు మావోయిస్టుల దాడిలో చనిపోయినప్పుడు ఈ ఊరి పేరు దేశమంతటా వినిపించింది. కొంటా ప్రాంతంలో కోయ, దోర్లా మాటలతో పాటు తెలుగూ నడుస్తుంది. మిరప కోతలకు భద్రాద్రి, ఖమ్మం, ములుగు జిల్లాల చేలకు వచ్చే కూలీల్లో చాలామందిది ఈ వైపే.

ఎండాకాలం వస్తే ఈ అడవుల్లో చేతికి డబ్బు తెచ్చేది తునికాకు. పొద్దు పొడవకముందే అడవికి వెళ్తారు. చిరుగుల్లేని, సమానంగా ఉన్న లేత ఆకులనే కోస్తారు. ఇంటికొచ్చి 50 ఆకులు ఒక కట్టగా కడతారు. కల్లానికి తీసుకెళ్లి ఎండలో వరసగా పేరుస్తారు. అక్కడి ముంషీ లెక్కపెట్టి కార్డులో రాస్తాడు. ఇలాంటి 1,000 కట్టలైతే ఒక ‘మానక్‌ బోరా’. 2024 నుంచి ఛత్తీస్‌గఢ్‌ ప్రభుత్వం బోరాకు ఇస్తున్నది 5,500 రూపాయలు. అంటే కట్టకు ఐదున్నర రూపాయలు, ఆకుకు 11 పైసలు.

ఆ సొమ్ముతో పాటు మరొకటి ఉంటుంది: బోనస్‌. ఆకు అమ్ముడయ్యాక వచ్చిన లాభంలో కోసినవాళ్లకు దక్కే వాటా. ఇదీ ఆఖరి వాయిదా లాంటిదే, ఆకు లారీ ఎక్కి ఎప్పుడో వెళ్లిపోయాక వచ్చేది. సుక్మా జిల్లాలో 2021, 2022 సీజన్ల బోనస్‌ కోట్లలో పక్కదారి పట్టిందన్న ఆరోపణపై ఆ రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం 2025 ఏప్రిల్‌లో సోదాలు చేసి, అటవీ శాఖ ఉన్నతాధికారిని అరెస్టు చేసింది. సంగతి వెంటనే బయటికి పొక్కకపోవడానికి కారణం ఊహించడం కష్టమేమీ కాదు. అడిగేవాడికి నోరు లేదు, అడిగినా వినేవాడు అందుబాటులో లేడు.

13.5 లక్షల డాలర్లనూ 11 పైసలనూ పక్కపక్కన పెడితే స్టార్‌ గోడు వినడానికి మనసొప్పదు. ‘ఆకు కోసే అమ్మకు బాకీ పడితే బాధ, వీడికి బాకీ పడితే ఏం బాధ?’ అనిపిస్తుంది. అవసరం కోణంలో చూస్తే ఆ తేడా నిజం. ఒకరికి ఆగితే పొయ్యి వెలగదు, మరొకరికి ఆగితే లాయర్‌ ఫీజు పెరుగుతుంది. హక్కు కోణంలో చూస్తే మాత్రం తేడా లేదు. ఇద్దరూ పని ముందు చేసి, డబ్బు తర్వాత తీసుకునేవాళ్లు. ఇద్దరి బాకీ మింగే పద్ధతీ ఒకటే: పని అయిపోయేదాకా ఊరించడం, అయ్యాక దాటేయడం. పెద్దవాడి బాకీ ఎగ్గొట్టినా ఫర్వాలేదన్న చోట చిన్నవాడి బాకీకి దిక్కెవరు? కోర్టుకు వెళ్లగల స్తోమత, పేపర్లో పేరు రాగల పలుకుబడి ఉన్నవాడే ‘పోనీలే’ అనుకుంటే, ఎగవేత ఆ రంగంలో ఆనవాయితీ అయిపోతుంది.

గచ్చిబౌలి చెప్పే చేదు నిజం

ఇంతవరకూ వాదన ఆటగాడి వైపే ఉంది. అయితే హైదరాబాద్‌ ఎఫ్‌సీ కథ దగ్గర అది అంత సాఫీగా సాగదు.

ఇండియన్‌ సూపర్‌ లీగ్‌ (ఐఎస్‌ఎల్‌) ఫుట్‌బాల్‌లో 2019లో పుణె ఫ్రాంచైజీ స్థానంలో పుట్టిన క్లబ్‌ ఇది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. స్పెయిన్‌ కోచ్‌ మనోలో మార్కెజ్‌ వచ్చాక కుర్రాళ్లతో జట్టు కట్టాడు. 2022 మార్చి 20న గోవా ఫటోర్డా స్టేడియంలో పసుపు జెర్సీల కేరళ అభిమానులు పోటెత్తిన ఫైనల్‌. 88వ నిమిషంలో సాహిల్‌ తవోరా గోల్‌తో స్కోరు 1-1. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్‌ లక్ష్మీకాంత్‌ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్‌ ఛాంపియన్‌! ఆ సీజన్లో 18 గోల్స్‌తో గోల్డెన్‌ బూట్‌ అందుకున్న నైజీరియన్‌ బార్తొలొమ్యూ ఒగ్బెచె ఊరి కుర్రాళ్లకు ఆరాధ్యుడయ్యాడు. మరుసటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం.

2023 వచ్చేసరికి ఖజానా ఖాళీ. జీతాలు నెలల తరబడి ఆగాయి. ఒగ్బెచె తన బకాయి కోసం ఫిఫా గడప తొక్కాడు. క్లబ్‌ కట్టలేదు. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది. ఆ తర్వాత విదేశీయులు ఒక్కొక్కరే సామాను సర్దుకున్నారు. నిఖిల్‌ పూజారి, చింగ్లెన్‌సనా సింగ్‌ లాంటి సీనియర్లు సీజన్‌ మధ్యలోనే బెంగళూరు వెళ్లారు. కొత్తవాళ్లను తెచ్చుకునే దారి లేదు కాబట్టి కోచ్‌ తంగ్బోయ్‌ సింగ్టో చేతిలో మిగిలింది అకాడమీ కుర్రాళ్లు. వాళ్లతోనే లీగ్‌ ముగించారు: 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.

అంటే స్టార్‌ వేసిన కేసు తాలూకు దెబ్బ యజమానికి తగిలిందా, కుర్రాళ్లకు తగిలిందా? నిషేధం పడింది క్లబ్‌ మీద. ఆదివారం మ్యాచ్‌లో నాలుగు గోల్స్‌ తిని తలదించుకుని బయటికొచ్చింది పందొమ్మిదేళ్ల డిఫెండర్‌. ఈ నష్టం నిజమైనదే, దాన్ని దాచిపెట్టి ఆటగాడి హక్కు గురించి ఉపన్యాసం ఇవ్వడం న్యాయం కాదు.

అయినా ఒక్క ప్రశ్న మిగులుతుంది. ఒగ్బెచె నోరు మూసుకుని ఉంటే ఆ కుర్రాళ్ల జీతాలు పడేవా? అప్పటికే ఆగిన జీతాలు అతని మౌనంతో ఎలా కదులుతాయి? జరిగేదల్లా, బాకీ ఉన్నవాళ్ల చిట్టాలో కొత్తగా మరికొందరు చేరడం. చేతిలో డబ్బు లేకుండానే క్లబ్‌ కొత్తవాళ్లతో సంతకాలు చేయించుకుంటుంది, వాళ్లకీ బాకీ పడుతుంది. నిషేధం ఉద్దేశం అదే: పాత బాకీ తీర్చేదాకా కొత్త బాకీ చేయొద్దనడం. తర్వాత 2024లో బీసీ జిందాల్‌ గ్రూప్‌ క్లబ్‌ను తీసుకుంది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి ‘స్పోర్టింగ్‌ క్లబ్‌ ఢిల్లీ’ అయింది. గచ్చిబౌలిలో కేకలు వేసిన అభిమానికి దక్కింది ఒక పాత కప్పు ఫొటో.

సంచిలో ఉన్నదే కొంచెం

చిక్కుముడి అంతా సంచి చిన్నదైనప్పుడే. క్లబ్‌ దగ్గర కోటి ఉంది, బాకీలు ఐదు కోట్లు. ఎవరికి ముందు ఇవ్వాలి? స్టార్‌ స్ట్రయికర్‌కా, జెర్సీలు ఉతికే మనిషికా, బస్సు డ్రైవర్‌కా, గడ్డి కోసే మాలీకా?

ఇంగ్లండ్‌ దీనికి ఒక వింత జవాబిచ్చింది. అక్కడ దివాలా తీసిన క్లబ్‌ మళ్లీ లీగ్‌లో కొనసాగాలంటే ‘ఫుట్‌బాల్‌ బాకీదారులకు’, అంటే ఆటగాళ్లకూ ఇతర క్లబ్‌లకూ, ముందు పూర్తిగా చెల్లించాలి. పన్ను శాఖ, స్థానిక వ్యాపారులు ఆ తర్వాతే. 2010లో పోర్ట్స్‌మత్‌ కుప్పకూలినప్పుడు ఈ నియమం అసలు రంగు బయటపడింది. అదే ఏడాది ఆ క్లబ్‌ మాజీ ఆటగాడు, ఇంగ్లండ్‌ డిఫెండర్‌ సోల్‌ క్యాంప్‌బెల్‌ సుమారు 17 లక్షల పౌండ్ల కోసం దావా వేశాడు. మ్యాచ్‌ రోజున గాయపడినవాళ్లకు ప్రథమ చికిత్స చేసే సెయింట్‌ జాన్‌ అంబులెన్స్‌ అనే స్వచ్ఛంద సంస్థ కూడా బాకీదారుల జాబితాలో ఉంది. కోట్లు గడించే ఆటగాడికి రూపాయికి రూపాయి, కట్లు కట్టే సంస్థకు పైసలు! పన్ను శాఖ కోర్టుకెక్కినా 2012లో నియమమే నిలిచింది.

మన దివాలా చట్టం, 2016 నాటిది, కార్మికుల 24 నెలల వేతన బకాయిలకు బ్యాంకులతో సమాన స్థానం ఇచ్చింది. ఆ చట్టం దృష్టి చేతిపని చేసేవాడి మీద ఉంది, అది సబబే. ఒప్పందం మీద ఆడే స్టార్‌ను కార్మికుడిగా లెక్కేస్తారన్న భరోసా లేదు. నైతికంగా చూసినా ఆ వరస సరైనదే. సంచిలో కొంచెమే ఉంటే కిందివాడి గిన్నె ముందు నిండాలి. స్టార్‌ బాకీ రద్దవదు. అతని వంతు తర్వాత వస్తుంది, అంతే.

కాబట్టి స్టార్‌ను తప్పుపట్టాల్సిన చోటు ఒకటుంది. అది అతను జీతం అడిగిన చోటు కాదు. తన ఒక్కడి జీతం కోసం రహస్యంగా రాజీ చేసుకుని, గది తలుపు వేసుకున్న చోటు.

బస్సులో ఇరుక్కున్న కిట్‌ బ్యాగులు

2025 జనవరిలో బంగ్లాదేశ్‌ ప్రీమియర్‌ లీగ్‌లో ఈ నాటకం అంకాలవారీగా కనిపించింది. దుర్బార్‌ రాజ్‌షాహీ జట్టులో చెల్లింపులు ఆగాయి. మొదట ఆటగాళ్లంతా ప్రాక్టీస్‌ మానేశారు. కొంత సొమ్ము వచ్చింది. మళ్లీ ఆగింది. జనవరి 26న రంగ్‌పూర్‌తో మ్యాచ్‌కు విదేశీ ఆటగాళ్లు హోటల్‌ దాటి రాలేదు. ప్రత్యేక అనుమతితో పదకొండు మందీ స్థానికులే బరిలోకి దిగారు. రెండు పరుగుల తేడాతో గెలిచారు!

మనలాంటి ప్రేక్షకులకు అదే నచ్చుతుంది: ‘చూశారా, డబ్బు మనుషులు కూర్చున్నారు, మట్టి మనుషులు గెలిపించారు’ అని. కానీ గెలిచిన ఆ పదకొండు మందికీ డబ్బు రావాల్సే ఉంది. విదేశీయుడు ఆడకపోతే ఇంకో దేశంలో లీగ్‌ ఉంటుంది. స్థానికుడు ఆడకపోతే వచ్చే ఏడాది పిలుపు ఉండదు. దాన్ని మనం విధేయత అంటున్నాం, అసలు పేరు గత్యంతరం లేకపోవడం.

ఫిబ్రవరి మొదట్లో ఆఖరి అంకం. తన కిరాయి బాకీ తీరలేదని జట్టు బస్సు డ్రైవర్‌ ఆటగాళ్ల కిట్‌ బ్యాగులను బస్సులోనే పెట్టి తాళం వేశాడు. బాకీ ఇస్తే తీస్తానన్నాడు. అంతవరకూ ఆటగాళ్ల బాకీల మీదే నడిచిన వార్తల్లోకి అప్పుడు డ్రైవర్‌ వచ్చాడు. ప్రాక్టీస్‌ మానేసిన రోజునే ఆటగాళ్లు ‘మాతోపాటు బస్సు డ్రైవర్‌కి, వంటవాళ్లకి, నెట్‌ బౌలర్లకి కూడా కట్టండి’ అని ఒక్క కాగితం మీద రాసిచ్చి ఉంటే ఆ తాళం పడేది కాదు.

తగ్గించుకోవాలంటే ఎలా?

జట్టు నిజంగానే కష్టాల్లో ఉండొచ్చు. కరోనా లాంటి విపత్తులో ఎవరి తప్పూ లేకుండానే గేటు మూతపడుతుంది. అప్పుడు స్టార్‌ తగ్గించుకోవడం ధర్మమే. ఎలా తగ్గించుకోవాలో, ఎలా కూడదో ఐరోపాలో రెండు క్లబ్‌లు చూపించాయి.

2020 మార్చిలో బార్సిలోనా ఆటగాళ్లు అత్యవసర కాలానికి జీతంలో 70 శాతం కోత ఒప్పుకున్నారు. క్లబ్‌లో పనిచేసే మిగతా సిబ్బందికి పూర్తి జీతం అందేలా తమ వంతు అదనంగా వేస్తామన్నారు. ఆ మాట మెస్సీ తన ఖాతాలో అందరికీ తెలిసేలా రాశాడు. ఎవరి దగ్గర తగ్గుతోంది, ఎవరికి చేరుతోంది అన్నది బహిరంగం.

ఇటలీలో యువెంటస్‌ దారి వేరు. జీతాల వాయిదా పేరుతో తెరచాటు సర్దుబాట్లు చేసింది. క్రిస్టియానో రొనాల్డో తనకు 1.95 కోట్ల యూరోలు రావాలన్నాడు. పక్కాగా సంతకాలు లేని వ్యవహారం కావడంతో మధ్యవర్తులు తప్పు ఇద్దరిదీ అని తేల్చి, 2024 ఏప్రిల్‌లో అందులో సగమే ఇప్పించారు. అంత పెద్ద ఆటగాడు, అంత మంది లాయర్లు! నోటిమాట నమ్మితే అక్కడా సగం పోయింది. ఇక మన జిల్లా స్థాయి కబడ్డీ ఆటగాడు ‘అన్నా, వచ్చే నెల చూద్దాం’ అన్న మాట నమ్మితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఒకటో తారీఖున జీతం వచ్చిన రోజులు

హైదరాబాద్‌ ఫుట్‌బాల్‌కు ఒక స్వర్ణయుగం ఉంది. కోచ్‌ సయ్యద్‌ అబ్దుల్‌ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్‌ కప్‌ ఎగరేసుకుపోయింది. 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో హైదరాబాదీలు గుంపుగా ఉన్నారు. వాళ్లు కోటీశ్వరులు కాదు. పోలీసు శాఖలో ఉద్యోగులు. తర్వాతి తరాలకు రైల్వేలు, బ్యాంకులు, విద్యుత్‌ బోర్డు ఆ నీడ పట్టాయి. మ్యాచ్‌ ఓడినా ఒకటో తారీఖున జీతం పడేది, ఆట మానేశాక పింఛను ఉండేది.

ఆ రోజులు తిరిగి రావాలనడం లేదు. అప్పటి జీతాలతో ఇవాళ ఏ ఆటగాడూ ఆడడు, ఆడాల్సిన పనీ లేదు. లీగ్‌లు వచ్చాక ఆటగాడి ధర పెరిగింది, భరోసా పోయింది. ఆ భరోసా మళ్లీ తెచ్చే పని ఆటగాడి దయాగుణం మీద వదిలేశాం. అదే తప్పు. 2025 ఆగస్టులో ఐఎస్‌ఎల్‌ భవిష్యత్తు అయోమయంలో పడినప్పుడు బెంగళూరు ఎఫ్‌సీ తన ప్రధాన జట్టు ఆటగాళ్లకూ సిబ్బందికీ జీతాలు నిలిపేసింది. సునీల్‌ ఛెత్రీ ఉన్న క్లబ్‌ అది. దేశంలో అందరికన్నా పేరున్న ఫుట్‌బాలర్‌ జీతానికే పూచీ లేనప్పుడు ఎవరి జీతానికి ఉంది?

ఏం చేయాలి?

- సీజన్‌ మొదలవకముందే ఆ సీజన్‌ జీతాల మొత్తం యజమాని చేతిలో లేని ప్రత్యేక ఖాతాలో పడాలి. ఆటగాడి పేరు ప్రకటించే ముందే ఆ రసీదు లీగ్‌ చేతికి రావాలి.

- బాకీ పడితే చెల్లింపు వరస కింది నుంచి పైకి ఉండాలి. మాలీ, డ్రైవర్‌, ఫిజియో, అకాడమీ కుర్రాళ్లు, ఆ తర్వాత స్టార్లు.

- కోత అవసరమైతే కాగితం మీద, గడువుతో, అందరి సంతకాలతో ఉండాలి. క్లబ్‌ లెక్కల పుస్తకం ఆటగాళ్ల ముందు తెరవాలి.

- రెండు నెలల జీతం ఆగితే 15 రోజుల నోటీసుతో ఒప్పందం తెంచుకునే హక్కు 2018 నుంచి ఫిఫా నియమాల్లో ఉంది. కబడ్డీ, బ్యాడ్మింటన్‌, వాలీబాల్‌ లీగ్‌ల ఒప్పందాల్లోనూ అది ఉండాలి.

- స్టార్‌ ఒప్పందంలో ఒక్క వాక్యం చేరాలి: సహాయక సిబ్బందికి బాకీ ఉన్నంతవరకూ జట్టు ఖాతా సరిగ్గా ఉన్నట్టు నేను ఒప్పుకోను.

అడిగేవాళ్లు పెరగాలి

2024 చివర్లో మొదలైన బస్తర్‌ ఒలింపిక్స్‌లో ఆ డివిజన్‌లోని ఏడు జిల్లాల నుంచి లక్షన్నర మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. విలువిద్య, ఫుట్‌బాల్‌, కబడ్డీ, ఖోఖో, పరుగు. కొంటా, భేజ్జి వైపు నుంచి రేపు ఏ పిల్లో, ఏ పిల్లాడో ఏదో లీగ్‌లో సంతకం చేసే రోజు రావొచ్చు. ఆ ఒప్పందం హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది. ఆఖరి వాయిదా ఎప్పుడో, అది రాకపోతే ఎవర్ని అడగాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆకు బోనస్‌ ఏమైందో తెలియని ఇళ్లవి. ఆ పిల్లాడికి ముందు ఎవరో పెద్ద పేరున్న ఆటగాడు నిలబడి అడిగి ఉంటేనే, గెలిచి ఉంటేనే అతని సంతకానికి విలువ ఉంటుంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. యజమాని అసలే పెట్టడు. స్టార్‌ అడగాలి, గట్టిగా అడగాలి, ఒక్కడి కోసం కాకుండా జట్టంతటి కోసం అడగాలి. మన వంతు పనీ ఒకటుంది. వచ్చే సీజన్లో మన ఊరి పేరు పెట్టుకుని కొత్త జట్టేదో దిగుతుంది, పాటొకటి విడుదల చేస్తుంది, జెర్సీ వెయ్యి రూపాయలకు అమ్ముతుంది. ఎవర్ని ఎంతకు కొన్నారని అడగడం మనకు అలవాటే. జెర్సీకి డబ్బు కట్టేముందు ఇంకొక్క ప్రశ్న అడుగుదాం: కిందటి నెల జీతాలు పడ్డాయా?